కొక్కెం మీద ముడి

నన్ను ఆ ట్రైనింగుకి తీసుకున్నది చదువు చూసి కాదు. చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద మా నాయనకు నాటు పడవ ఉండేది. నాకు నడకకంటే ముందు ఈతే వచ్చిందని మా అమ్మ అందరికీ చెప్పేది. అది అబద్ధమే, కానీ ఎంపికకి వచ్చిన ఆఫీసు వాళ్ళు నమ్మారు. తొంభైల మొదట్లో సంగతి ఇది. వరదల్లో మునిగినవాళ్ళను బయటికి తీసే పని నేర్పుతామని చుట్టుపక్కల ఊళ్ళనుంచి పన్నెండు మందిని ఎంచుకున్నారు. పది మంది మగవాళ్ళు, ఇద్దరం ఆడవాళ్ళం.

రెండో ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మిషను దవాఖానాలో ఆయాగా చేసేది. అక్కా అని పిలిచేదాన్ని. సన్నగా ఉండేది, నడుమైతే మరీ. నవ్వు వస్తే ఆపుకోవడం చేతకాదు. నాకు మాట ఆపుకోవడం చేతకాదు. ఇద్దరం మొదటి రోజే కలిసిపోయాం.

గోదావరిలో వడి ఎక్కువని, అడవి మధ్యలో ఉన్న ప్రాజెక్టు నీళ్ళలో నేర్పించారు. నేర్పే సారు విశాఖపట్నం మనిషి. నేవీలో నీళ్ళ అడుగున పనిచేసి రిటైరయ్యాడు. తనతో రెండు పాత సెట్లు తెచ్చాడు. వీపు మీద గాలి సిలిండరు, దాన్ని ఒంటికి పట్టి ఉంచే పట్టీలు, మెళ్ళో గాలి ఊదితే మనిషిని తేల్చే వెస్టు, మనిషి మునగడానికి నడుముకి సీసం బిళ్ళల బెల్టు. అంతా పెట్టుకుని ఒడ్డున నాలుగడుగులు వేస్తే చూలింత నడకే.

మేం నేర్చుకోవాల్సిన వాటిలో అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. నీళ్ళలో స్పృహ తప్పినవాడి ఒంటి మీదనుంచి ఆ సామానంతా తీసెయ్యడం. తీస్తేనే పడవలోకి ఎత్తగలం. ముందు సీసం బెల్టు ఊడదీసి వదిలెయ్యాలి. తర్వాత వెస్టు ఊదాలి. ఆపైన భుజాల పట్టీలు, చివరికి నడుము పట్టీ. ఇదంతా చేస్తూనే ఒక చెయ్యి వాడి గదవ కింద గడ్డాన్ని ఎత్తిపట్టి ఉండాలి. అయిదు లెక్కపెట్టి ఒకసారి నోట్లో ఊపిరి ఊదాలి. తల మాత్రం వదలకూడదు. సారు రోజుకి పదిసార్లు అదే మాట చెప్పేవాడు.

స్పృహ తప్పినట్టు నటించేవాళ్ళకూ ఒక రూలు ఉంది. కాలూ చెయ్యీ కదపకూడదు. నిజంగా కష్టమైతే పిడికిలి నీళ్ళపైకి ఎత్తాలి, అంతే.

నాకు జోడీగా అక్క దొరికింది. మొదటిసారి చేసినప్పుడు నేను ఊపిరి ఊదబోతే కిసుక్కున నవ్వింది. రెండోసారి పట్టీలోంచి తన చెయ్యి తనే తీసి ఇచ్చింది. తెప్ప మీద వాచీ పట్టుకుని నిలబడ్డ సారు కేకేశాడు.

"ఏటమ్మా, సచ్చినోళ్ళు సెయ్యి తీసిత్తారేటి? రేపు కూడా ఇలాగే సేత్తే ఇద్దర్నీ బస్సెక్కించేత్తాను."

ఆ రాత్రి మేం పడుకున్న ఆశ్రమ పాఠశాల గదిలో అక్కకి గట్టిగా చెప్పాను. "అక్కా, నీకు దండం పెడతా. రేపు నేనేమన్నా సరే కదలకు. తిట్టినా కదలకు. కదలమన్నా కదలకు."

"అవ్ తియ్, రాయి లెక్క ఉంట," అంది.

ఇక మర్నాడు పొద్దున నేను చేసిన పని చెప్పాలి. అక్క కట్టుకున్న సెట్టుకి నడుము పట్టీ కొక్కెం అరిగిపోయింది. గట్టిగా ఊపిరి పీలిస్తే జారిపోయేది. సీసం బెల్టు కూడా ఆమె నడుము మీద నిలబడదు, తుంటి దాకా దిగిపోతుంది. మా పడవల మీద ఒక అలవాటుంది. ఇనుముని నమ్మం. లంగరు కొక్కెమైనా, చుక్కాని కొక్కెమైనా, దాని మీద జనపతాడుతో ఒక ముడి పడాల్సిందే. తడిసేకొద్దీ బిగిసే ముడి. మా నాయన వేలు పట్టుకుని నేర్పిన మొదటి ముడి అదే. నేను ఆలోచించను కూడా లేదు. సంచికి కట్టిన జనపతాడు విప్పి, నడుము కొక్కెం మీదనుంచి తిప్పి, సీసం బెల్టు కిందనుంచి తీసి, రెండూ కలిపి కట్టేశాను.

"గట్టిగనే కట్టినవ్‌లే పిల్లా," అంది అక్క, కడుపు తడుముకుంటూ.

"మా నాయనొచ్చినా ఊడదీయలేడు," అన్నాను. గొప్పగా అన్నాను.

నీళ్ళలోకి దిగేసరికి గాలి లేచింది. పెద్ద అలలేం కాదు, జానెడు. తెప్పకి ముప్పై గజాల దూరంలో అక్క వెల్లకిలా పడి కళ్ళు మూసుకుంది. నేను ఈదుకుంటూ వెళ్ళి గదవ కింద చెయ్యి పెట్టాను. సీసం బెల్టు లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను. అప్పుడు తగిలింది చేతికి ముడి. వేలితో గీరాను. గోరు కూడా దూరలేదు.

నాకు వెంటనే భయం వెయ్యలేదు. సిగ్గేసింది. సారు చూస్తున్నాడు, వాచీ నడుస్తోంది. వెస్టు ఊదేశాను, భుజాల పట్టీలు వదులు చేసి చేతులు తీసేశాను, ముడి సంగతి ఆఖర్న చూసుకుందాం అనుకున్నాను. అదీ నేను చేసిన రెండో తప్పు. భుజాలు వదలగానే సిలిండరు వీపు మీదనుంచి కిందికి తిరిగింది. సీసం, సిలిండరు రెండూ కలిసి ఆమె నడుముకే వేలాడాయి. వెల్లకిలా తేలుతున్న మనిషి నిలువుగా అయిపోయింది. వెస్టు ఆమెను పైకి లాగుతోంది, నడుము కిందికి లాగుతోంది. నీళ్ళు మూతి దాకా వచ్చాయి. ఒక అల ముఖం మీదనుంచే పోయింది.

"అక్కా, జర తల ఎత్తు," అన్నాను చెవిలో.

కదల్లేదు.

"అక్కా, నిజంగనే అంటున్న. ముడి రాట్లే. నీ చేత్తో పట్టుకో!"

కళ్ళు కూడా తెరవలేదు. రాయిలాగే ఉంది. కదలమన్నా కదలకని చెప్పింది నేనేగా! ఇంకో అల వచ్చింది. ముక్కులోంచి నీటి బుడగలు వచ్చాయి. నటనో నిజమో నాకు తెలియలేదు. పిడికిలి కోసం చూశాను. రెండు చేతులూ నీళ్ళ కిందే ఉన్నాయి.

"సారూ!" అని అరిచాను. "సారూ, ముడి పడ్డది!"

"మాటలొద్దు! పని సెయ్!" తెప్ప మీదనుంచి కేక. గాలికి ఆయనకి సగమే వినబడి ఉంటుంది. పక్కనున్న మగవాళ్ళెవరో నవ్వారు కూడా.

అప్పుడు ఆమె చెయ్యి నా పొట్టకి తగిలింది. పిడికిలి కాదు. వేళ్ళు ఆమె నడుము దగ్గర గీరుతున్నాయి, ముడి ఉన్న చోటనే. పైకి ఎత్తాలన్న జ్ఞానం కూడా అప్పటికి లేదు ఆమెకి.

తల వదలకూడదు. తల పట్టుకుంటే ముడి అందదు. ఒక్క క్షణం రెండింటి మధ్యా అలాగే ఉండిపోయాను. ఆ క్షణం ఎంతసేపో ఇప్పటికీ చెప్పలేను.

"సారూ, సస్తది సారూ! ఆట కాదు!" గొంతు చీలిపోయేలా అరిచాను. తెప్ప మీదనుంచి సారు దూకిన చప్పుడు వినబడింది. ఆయన వచ్చేదాకా పట్టుకోవాలా? ఆమె నోరు అప్పటికే నీళ్ళలో ఉంది. నేను పట్టుకున్నా మునుగుతోంది, వదిలినా మునుగుతుంది. వదిలేశాను.

మునిగి, ఆమె నడుము వాటేసుకుని, ముడి మీద పళ్ళు వేశాను. చిన్నప్పటినుంచి తడి ముడులు మేం పళ్ళతోనే విప్పుతాం. కానీ పడవలో కూర్చుని విప్పడం వేరు. నోట్లోకి నీళ్ళు, పీచు. ఆమె మోకాలు వచ్చి నా ఛాతీలో తగిలింది. ఒక పోగు కదిలింది. ఊపిరి అయిపోయి పైకి వచ్చేసరికి సారు అందుకున్నాడు. ఆమె గదవ రెండు చేతులతో ఎత్తి పట్టి, తను కాళ్ళతో కొట్టుకుంటున్నాడు.

"ఏటది? ఏటి పట్టుకుంది కింద?"

చెప్పడానికి ఊపిరి లేదు. మళ్ళీ మునిగాను. ఈసారి ఆ కదిలిన పోగే పట్టుకుని లాగాను. పంటి పక్కన ఏదో చిట్లింది. ముడి ఒక్కసారిగా వదులైంది. కొక్కెం దానంతటదే ఊడింది. సీసం, సిలిండరు నా కాళ్ళను రాసుకుంటూ కిందికి పోయాయి.

అక్కను తెప్ప మీదికి ఎత్తాక బోర్లా పడుకోబెట్టారు. నీళ్ళు కక్కింది. దగ్గింది. మళ్ళీ కక్కింది. ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

సారు నా వైపు తిరిగాడు. నా పంటినుంచి కారుతున్న రక్తం చూశాడు, నా చేతిలో మిగిలిన జనపతాడు చూశాడు.

"ఎవురు కట్టేరు?"

అక్క దగ్గుతూనే, "కొక్కెం బాగ లేకుండె సారు..." అంది.

"నేనే కట్టిన," అన్నాను. "ఊడిపోకుండ ఉంటదని కట్టిన."

"ఊడాలమ్మా!" అన్నాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు, అదే నాకు ఎక్కువ తగిలింది. "అది ఊడ్డానికే ఉంది. కొక్కెం పాడైందని నాకు సెప్పాల. ముడి ఎయ్యకూడదు." తర్వాత తలవంచుకుని, "పొద్దున నేనూ సూడాల. సూడలేదు," అన్నాడు.

సిలిండరు కోసం మగవాళ్ళు సాయంత్రం దాకా మునిగారు. దొరికింది. బస్సెక్కించేస్తాడేమో అని సంచి సర్దుకుని కూర్చున్నాను. అక్క నాతో మాట్లాడలేదు. అన్నం కూడా వేరే మూల కూర్చుని తింది. ఏమన్నా తిడితే బాగుండని అనిపించింది.

పొద్దున సారు ఆ పాత సెట్టుకి కొత్త కొక్కెం వేసి తెచ్చాడు. నా ముందు పెట్టాడు. "ఇయ్యాల నువ్వు పడుకో. ఆవిడ తీత్తాది."

అక్క వైపు చూశాను. చెయ్యనంటుందని అనుకున్నాను. ఆమె చీర కొంగు దోపుకుని నీళ్ళలోకి దిగింది.

వెల్లకిలా పడుకున్నాను. చెవుల్లో నీళ్ళు, కంట్లో ఎండ. పక్కన ఆమె ఈదుకుంటూ వస్తున్న చప్పుడు. నా గదవ కింద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.  నేను నోరు తెరవబోయాను, ఏదో చెబుదామని.

"మాట్లాడకు," అంది. నిన్నటినుంచి ఆమె నాతో అన్న మొదటి మాట.

రెండో చెయ్యి నా నడుము చుట్టూ తడిమింది. ముడేమీ లేదక్కడ. మళ్ళీ మొదటినుంచి తడిమింది. అప్పుడు బెల్టు లాగింది.