తద్దినంనాటి తుపాకీ తనిఖీ

నా చేతులతో బాగుచేసిన తుపాకీని నా ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదన్నారు. కారణం, కాకులు.

మొదట్నుంచీ చెప్తేగానీ ఇందులో అన్యాయం ఎంతో తెలియదు. నేను ఐర్లండులోని మేయో కౌంటీలో, కాజిల్‌బార్‌కి కాస్త అవతల ఉన్న ఒక తుపాకుల దుకాణంలో మరమ్మతు పనివాడిగా చేసి రిటైరయ్యాను. అంతకుముందు మనవైపు జిల్లా సాయుధ పోలీసులో ఆర్మరర్‌ని. ఆర్మరరంటే తుపాకీ కాల్చేవాడు కాదు, కాల్చేవాళ్ళ తుపాకులు సమయానికి పేలేటట్టు చూసేవాడు. హెడ్ కానిస్టేబుల్ హోదాకి వచ్చిన రోజుల్లో మా ఆవిడ వరలక్ష్మికి ఐర్లండులో నర్సు ఉద్యోగం వచ్చింది. హోదా అక్కడ వదిలేసి, ఆవిడ సూట్‌కేసు మోసుకుంటూ వచ్చాను. చదివింది తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు నేర్చుకున్నది తుపాకులతోపాటు వచ్చే వాడుక పుస్తకాల్లో. అందుకే నా ఇంగ్లీషంతా "చేయవలెను", "చేయరాదు" అన్నట్టుంటుందని మా అమ్మాయి ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఇది నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది సంగతి, కోవిడ్ మాస్కులు తీసేసిన తరవాతి వసంతం. మార్టిన్ అనే గొర్రెల రైతు ఒక పాత తుపాకీ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే పన్నెండు బోరు, వాళ్ళ నాన్ననాటిది. తూటాలు పెట్టడానికి గొట్టాలు మడిచే చోట ఇరుసు అరిగిపోయి, చేత్తో ఊపితే డబ్బాలో గులకరాళ్ళలా చప్పుడు చేసేది. పిడి సన్నబడే చోట పగులు. దీన్ని బాగుచేసే పద్ధతి ఒక్కటే. కొత్త ఇరుసు వేసి, దీపం మసి పూసి, గొట్టాలు మూసి తెరిచి, ఎక్కడ మసి చెరిగిందో అక్కడ మాత్రమే వెంట్రుకమందం ఆకురాయితో తీయాలి. మళ్ళీ మసి, మళ్ళీ ఆకురాయి. తొందరపడితే తుపాకీ పోయినట్టే. పిడికి కొత్త వాల్‌నట్ చెక్క నేనే చెక్కి నూనె పట్టించాను. అంతా అయ్యాక గొట్టాలు మూస్తే బ్యాంకు లాకరు తలుపు పడ్డట్టు మెత్తగా ఒక్క "టక్" మంది. నా సర్వీసులో అంత మంచి "టక్" ఇంకోటి వినలేదు.

మార్టిన్ తీసుకెళ్ళడానికి వచ్చి తీసుకెళ్ళనన్నాడు. తుంటి ఆపరేషనైంది, గొర్రెలు అమ్మేశాడు, పొలం పక్కవాళ్ళకి మేతకిచ్చి టౌన్లో ఫ్లాటుకి మారుతున్నాడు. "కోటీ, ఆ చప్పుడు నువ్వు తెప్పించావు, నువ్వే ఉంచుకో" అన్నాడు.

ఇక్కడ ఉంచుకో అంటే ఉంచుకోవడం కుదరదు. ప్రతి తుపాకీకీ విడిగా సర్టిఫికెట్ కావాలి. ఇచ్చేది గార్డ్స్‌లో, అంటే ఇక్కడి పోలీసుల్లో, సూపరింటెండెంట్ హోదా ఉన్నవాడు. అడిగినవాడు తగిన కారణం చూపించాలి, ఇంట్లో ఉక్కు బీరువా ఉండాలి, మంచివాడని ఇద్దరు చెప్పాలి. ఆత్మరక్షణ అని రాస్తే కథ అక్కడితో ముగిసినట్టే. ఎవరి పేరు మీదా సర్టిఫికెట్ లేకపోతే తుపాకీ స్టేషన్‌కి పోతుంది, అక్కడినుంచి యంత్రంలోకి పోయి తుక్కవుతుంది. దుకాణం యజమాని డెక్లన్ ముందే చెప్పేశాడు: "పాత రకం, కొనేవాడు లేడు. నాది మ్యూజియం కాదు. నీ పేరు మీదికి మారేదాకా ఉంచుతాను, మారకపోతే గార్డ్స్‌కి ఇచ్చేస్తాను."

నాకు ఒళ్ళు మండింది. దుకాణంలో ఉన్నంతసేపు నా చేతిలో ఎన్ని తుపాకులైనా ఉండొచ్చు, గేటు దాటితే నేను అనుమానితుణ్ణా? పదకొండు గంటల టీ దగ్గర, మార్టిన్ కూడా ఉండగా, నా వాదన పెట్టాను. తుపాకీ ఉంచుకోవడం మనిషి హక్కు, సంపూర్ణమైన హక్కు, దానికి ఏ సూపరింటెండెంట్ సంతకమూ అక్కర్లేదన్నాను. ఊరికే అనలేదు. అమెరికావాళ్ళ రాజ్యాంగం, ఇంగ్లండువాళ్ళ పాత చట్టాలు, లైబ్రరీలో దొరికినంతవరకూ చదివే అన్నాను.

డెక్లన్ బిస్కెట్టు టీలో ముంచుతూ, "సర్టిఫికెట్ చూడకుండా తుపాకీ చేతికివ్వనిది ఈ దుకాణంలో నువ్వొక్కడివే. మొన్న చర్చి ఫాదర్‌ని కూడా వెనక్కి పంపావు" అన్నాడు.

"అది డ్యూటీ."

"మరి ఆయన హక్కు?"

"ఆయన గడువు అయిపోయింది."

డెక్లనూ మార్టినూ చాలాసేపు నవ్వారు. మార్టిన్ తుంటి పట్టుకుని మరీ నవ్వాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, "చూడు కోటీ, నేను కుక్కని ఉంచుకున్నాను. నా కుక్కే. కానీ పక్కవాడి గొర్రెల్ని తరిమితే అది నా సొంత వ్యవహారం కాదు కదా. తుపాకీ కూడా అంతే" అన్నాడు. కుక్కకి సూపరింటెండెంట్ ఎందుకు లేడని అడిగాను. కుక్కకీ లైసెన్సు ఉందన్నాడు. ఈ దేశంలో వాదించడం కష్టం.

ఇంట్లో ఇంకా కష్టం. మా ఆవిడ చపాతీలు ఒత్తుతూనే నా ఉపన్యాసమంతా విని, "ఏవండీ, మీ హక్కు సంపూర్ణమైతే పక్కింటాయన హక్కూ సంపూర్ణమే కదా" అంది. పక్కింటాయన బంగారంలాంటి మనిషి. కానీ శనివారం పబ్ నుంచి వచ్చేటప్పుడు మా తలుపు తనదనుకుని తాళంచెవి పెట్టి తిప్పుతూ, తెరుచుకోకపోతే తలుపుని తిడతాడు. "ఆయనకీ ఒకటి ఇప్పించండి. శనివారాలు ఇద్దరూ చెరో పక్క నుంచుని హక్కులు మాట్లాడుకుందురుగాని" అంది.

దీనికి జవాబు లైబ్రరీలో దొరకలేదు. అయినా దరఖాస్తు పెట్టాను.

తగిన కారణంగా ఇక్కడ మామూలుగా రాసేవి మూడు. పంటకీ మందకీ చేటుచేసే పిట్టల్నీ నక్కల్నీ కొట్టడం, వేట, మట్టి పావురాలు. మట్టి పావురాలంటే యంత్రంతో గాలిలోకి విసిరే మట్టి బిళ్ళలు, క్లబ్బులో చేరి వాటిని కాల్చి పాయింట్లు లెక్కేసుకుంటారు. తిరణాల్లో బుడగలు పేల్చే ఆట లాంటిది. హెడ్ కానిస్టేబుల్‌గా చేసినవాణ్ణి, అది రాయడానికి మనసొప్పలేదు. వేట అంటే మేం శాకాహారులం. "కాకులని రాయి, అందరూ అదే రాస్తారు" అని మార్టిన్ తన పొలంలో కాల్చడానికి అనుమతి రాసిచ్చాడు. ఇక్కడి కాకులు అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల కళ్ళు పొడుస్తాయి, అది నిజమే. "గొర్రెపిల్లల రక్షణార్థం కాకుల నిర్మూలన" అని నీటుగా రాసి సంతకం చేశాను.

మెట్లకింద ప్రెస్‌లో, అంటే మనం అలమర అనేదాంట్లో, సోనామసూరి బస్తాల వెనక ఉక్కు బీరువా గోడకి బిగించాను. వారాలు గడిచాయి. స్టేషన్ నుంచి షివాన్ అనే గార్డ్ ఫోన్ చేసి, బీరువా చూడటానికి గురువారం ఎప్పుడో వస్తానంది. సరేనన్నాను. ఆ గురువారం మా నాన్న తద్దినమని నాకప్పుడు తట్టలేదు.

కాజిల్‌బార్‌లో పురోహితుడు ఎక్కడ దొరుకుతాడు. మాకు చేతనైనట్టు మేమే చేసుకుంటాం. మా ఆవిడ తడిగుడ్డతో మడి కట్టుకుని గారెలూ పరమాన్నమూ చేస్తుంది, నేను పంచె కట్టి వెనక తోటలో కాకికి ముద్ద పెడతాను. కాకి ముట్టేదాకా మేం ముట్టం. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, మేయో కాకులు గారెలకి బాగా అలవాటుపడ్డాయి. వీపు బూడిదరంగు అన్నమాటేగానీ మన కాకులకి ఏం తీసిపోవు.

ఆ రోజు రాలేదు. పక్కింటి పొగగొట్టం మీద వరసగా కూచుని చూస్తున్నాయి. సన్నగా వాన. పైన ఉత్తరీయం తప్ప ఏమీ లేదు, ఒళ్ళు వణుకుతోంది. "కా, కా" అని పిలిచాను. "నాన్నా, రా" అన్నాను. ఒంటిగంట దాటింది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "ఎలా వస్తారండీ? కాల్చి చంపుతానని గవర్నమెంటుకి రాసిచ్చి, ఇప్పుడు భోజనానికి రమ్మంటే" అంది.

"వాటికి ఇంగ్లీషు వచ్చా?"

"మామగారికి వచ్చుగా. తాలూకాఫీసులో చేశారు."

నాకు నిజంగానే భయమేసింది. మా నాన్న కోపం నాకు తెలుసు. చేతులు జోడించి, పొగగొట్టం కేసి తలెత్తి, గట్టిగా చెప్పాను: "నాన్నా, తప్పైపోయింది. నీమీద ఒట్టు, కాకిజాతిలో ఒక్కదాన్ని కూడా కాల్చను. తుపాకీ ఊరికే తుడుచుకుని పెట్టుకుంటాను. వచ్చి తిను."

అన్నిటికంటే పెద్ద కాకి తాపీగా దిగింది. అన్నం చూడలేదు, నేరుగా గారె పట్టుకుంది. నేను ఊపిరి వదిలి వెనక్కి తిరిగితే, పక్కగేటు దగ్గర టోపీ మీద వానచుక్కలతో గార్డ్ షివాన్ నుంచుని ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు.

"మీరేం చెప్పారు దానికి?" అంది.

నేను గొంతు సవరించుకునేలోపు మా ఆవిడ చెప్పేసింది. ముప్ఫై ఏళ్ళు డాక్టర్లకి ఉన్నదున్నట్టు చెప్పిన నర్సు, అబద్ధం నోటికి రాదు. "ఆయన వాళ్ళ నాన్నకి మాటిస్తున్నారు, ఒక్క కాకిని కూడా కాల్చనని."

"వాళ్ళ నాన్నగారు ఎక్కడ?"

"గారె తింటున్నారు."

గార్డ్ కాసేపు కాకిని చూసి, చెయ్యి టోపీ దగ్గరికి తీసుకెళ్ళి దించేసుకుంది. నమస్కారం పెట్టబోయిందనే నా అనుమానం. తరవాత లోపలికొచ్చి ప్రెస్ ముందు మోకాళ్ళ మీద కూచుని, బస్తాలు జరిపి, బీరువా బోల్టులు లాగి చూసింది. గోడకి గట్టిగా ఉన్నాయంది. తెరవమంది. తెరిచాను. లోపల కొత్త ఆవకాయ జాడీ, నోటికి గుడ్డ కట్టి. చల్లగా చీకటిగా ఉంటుందని మా ఆవిడ నాతో చెప్పకుండా పెట్టిందట.

షివాన్ వాసన చూసి, "ఇది లోడ్ చేసి ఉందా?" అని అడిగింది.

మేం ముగ్గురం మెట్లకింద నవ్వుకుంటూ ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఆ అమ్మాయి రెండు గారెలు తిని, ఆవకాయ నంజుకుని, కళ్ళనీళ్ళతో "గ్రాండ్" అని వెళ్ళింది. పని అయిపోయిందనుకున్నాను.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. భద్రత తృప్తికరం. తగిన కారణం మాత్రం రుజువు కాలేదు, దరఖాస్తుదారుడు తాను నిర్మూలిస్తానన్న పక్షులకి భోజనం పెట్టి, హాని చేయనని ప్రమాణం చేయడం మా అధికారి స్వయంగా చూశారు. కావాలంటే కోర్టుకి వెళ్ళవచ్చు. డెక్లన్ అన్న మాట ప్రకారం తుపాకీని స్టేషన్‌లో ఇచ్చేశాడు. అంతకుముందు మార్టిన్ వచ్చి, పెట్టెలో పడుకోబెట్టేముందు దాన్ని ఒకసారి తెరిచి మూసి, ఆ "టక్" విని, పెట్టె మూతేశాడు. అలా సాగనంపడం నాకు నచ్చలేదు.

ఆదివారం కూచుని సూపరింటెండెంట్‌కి నాలుగు పేజీలు రాశాను. సంపూర్ణ హక్కు, రాజ్యాంగాలు, ఆర్మరర్ సర్వీసు, అన్నీ. ఆ తుపాకీని తుక్కు చేయరాదని రెండుసార్లు రాశాను. పోస్టు చేయబోతూ ఇంకోసారి చదివితే, నా వాదనలో పక్కింటాయన గుమ్మం ముందు నుంచుని తాళంచెవి తిప్పుతున్నట్టే అనిపించింది. అయినా చింపలేదు, పంపాను.

ఈ వ్యవహారంలో నాకు బోధపడింది ఇంతే. ఇరవై ఏళ్ళపాటు నేను బల్ల ఇవతల నుంచుని ప్రతివాణ్ణీ కాగితం చూపించమన్నాను, ఎవరి హక్కూ నాకు గుర్తు రాలేదు. బల్ల అవతలికి వెళ్ళగానే నా హక్కు సంపూర్ణమైంది. కారణం అడిగే చోట తుపాకీ హక్కు కాదు, అనుమతి. అనుమతికి అందరూ రాసే కారణం రాయకూడదు, తనకున్న కారణం రాయాలి. అడగడమే తప్పని మాత్రం నేను ఇప్పటికీ వాదిస్తాను, ఎవరైనా టీ ఇప్పిస్తే.

సూపరింటెండెంట్ జవాబు నెల తిరిగాక వచ్చింది. తెలుగులో ఇస్తున్నాను, ఒక్క మాట మార్చలేదు.

"అయ్యా, మీ నాలుగు పేజీలూ చదివాను. మీరడిగిన సంపూర్ణ హక్కు ఈ స్టేషన్‌లో నిల్వ లేదు, ఉంటే ముందు నేనే ఒకటి తీసుకునేవాణ్ణి. మీ తుపాకీ మా గదిలో భద్రంగా ఉంది, మా సార్జెంటు రోజూ దాన్ని ఒకసారి తెరిచి మూసి ఆ చప్పుడు వింటున్నాడు, కాబట్టి తుక్కు చేసే ఉద్దేశం ప్రస్తుతం ఎవరికీ లేదు. మట్టి పావురాల విషయంలో మీ నాన్నగారికి అభ్యంతరం లేకపోతే, క్లబ్బులో చేరి ఆ కారణంతో మళ్ళీ దరఖాస్తు చేయండి. బీరువా మళ్ళీ చూడనక్కర్లేదు, అయినా గార్డ్ షివాన్ తానే వస్తానంటోంది. ఈసారి జాడీ బయట పెట్టగలరు."