జోజప్ప మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ

మా ముఠా మేస్త్రీ జోజప్ప మంచివాడు. ఈ మాట అతన్ని దించినవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

తిరువూరులో జగన్నాథరావు గారి ధాన్యం గోడౌనులో మాది మోత పని. మొత్తం పందొమ్మిది మందిమి. తిరువూరు వాళ్ళం ఎనిమిది మందిమి, రెడ్డిగూడెం నుంచి వచ్చేవాళ్ళు ఆరుగురు, పెనుగొలను వాళ్ళు ఐదుగురు. తిరువూరు వాళ్ళకీ రెడ్డిగూడెం వాళ్ళకీ ఎప్పుడూ పడదు. అందుకని పెనుగొలను ఐదుగురూ ఎటు వాలితే మేస్త్రీగిరీ అటు. వాళ్ళకి పెద్ద అనిల్ కుమార్. మీసాలు నిన్న మొన్న వచ్చినట్టుంటాడు గానీ లెక్క బాగా తెలిసినవాడు. మా తిరువూరు జోజప్ప మేస్త్రీ అయింది ఆ కుర్రాడి దయ వల్లే.

ఎవడు లారీ ఎక్కాలో, ఎవడు లోపల బస్తా మీద బస్తా పేర్చి నెట్టు కట్టాలో, ఎవడు కింద కూర్చుని సంచుల మూతులు కుట్టాలో చెప్పేది మేస్త్రీనే. ఆ మాటకి ఎదురు లేదు. కూలి మాత్రం మాతో సమానం. బస్తా కూడా మాతో సమానంగా మొయ్యాలి.

అతన్ని దించడానికీ మాకో పద్ధతుంది. పొద్దున్నే గోడౌను అరుగు మీద కూర్చుని అందరం తలగుడ్డలు కట్టుకుంటాం. మేస్త్రీ వద్దనుకున్నవాడు కట్టుకోడు. సగం మందికి పైగా ఉత్తి తలలతో కూర్చుంటే మేస్త్రీ ఆ క్షణమే దిగిపోవాలి. కారణం చెప్పక్కర్లేదు. జగన్నాథరావు గారు ఇందులో వేలు పెట్టరు. "మీలో మీరు తేల్చుకోండయ్యా. ఎక్కువమంది ఎవర్ని చూపిస్తే నాకు వాడే మేస్త్రీ" అంటారు.

నిరుడు వానాకాలం మా ముఠాలో ఏసోబు లారీ ఎక్కే చెక్క మీద జారి బస్తాతో సహా పడ్డాడు. నడుం పోయింది. జోజప్పకీ అతనికీ చిన్నప్పటి నుంచీ జత. లేచి తిరుగుతున్నాడు గానీ ఇంక బరువెత్తలేడు. జోజప్ప అతని చేతికి దబ్బనం, పురికొస ఇచ్చి సంచుల మూతులు కుట్టే పనిలో కూర్చోబెట్టాడు. కూలి అందరితో సమానంగానే ఇప్పించాడు. అయితే అది మేమంతా వంతులేసుకుని చేసుకునే పని. వంతు వచ్చిన రోజున వీపుకి కాస్త తెరిపి. ఆ తెరిపి పోయేసరికి గొణుగుడు మొదలైంది.

గోడౌను ఎదురుగా ఖాదర్‌బాషా టీ కొట్టుంది. ఆయన పొద్దున్నే పేపరంతా చదివి, రోజంతా టీవీ చూసి, మాకు అప్పజెప్తుంటాడు. ఒకరోజు ఏదో దేశంలో ప్రధానమంత్రి దిగిపోయాడని టీవీలో చెప్తున్నారు.

"ఎవరు దించారంట భాయ్?" అన్నాడు జోజప్ప.

"ఇంకెవరు? సొంతోళ్ళే."

అనిల్ కుమార్‌కి నమ్మకం కుదరలేదు. "పోలీసులు, మిలట్రీ అంతా ఆయన చేతిలోనే ఉంటదిగా. ఎట్టా దించుతారు?"

"ఉంటే? మంత్రుల్ని పెట్టేదీ ఆయనే, పీకేదీ ఆయనే. మరీ మండితే సభ రద్దు చేయించి ఎలక్షన్లకి పోతాడు. కానీ సభలో సగానికి ఒక్క చెయ్యి తగ్గిందనుకో, సామాను సర్దుకోవాల్సిందే. మన ఢిల్లీలోనే ఒకసారి ఒక్క ఓటుతో గవర్నమెంటు పడిపోలా?"

"ఒక్క ఓటుకే!"

"మరేంటనుకున్నావ్? నువ్వూ నేనూ ఓటేసేది ఎంపీకిరా అబ్బాయ్. ఆయన్ని కూర్చోబెట్టేది ఎంపీలు. కూర్చోబెట్టినోళ్ళకి లేపడం రాదా?"

అనిల్ కుమార్ జోజప్ప వంక చూసి నవ్వాడు. "అయితే మన మేస్త్రీ బాబాయ్ లాగానే."

"అంతేరా. కాకపోతే ఆయన బస్తాలు మొయ్యడు" అన్నాడు జోజప్ప. అందరం నవ్వాం.

ఆ వారం దాటకముందే ఒక పొద్దున రెడ్డిగూడెం వాళ్ళతో పాటు పెనుగొలను వాళ్ళు కూడా తలగుడ్డలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏసోబు అప్పటికే దబ్బనంలో దారం ఎక్కిస్తున్నాడు.

"ఏంట్రా అనిలూ?" అన్నాడు జోజప్ప.

"ఏం లేదు బాబాయ్. కుట్టే పని వంతులకి పెట్టు. ఏసోబు పెదనాన్న మొయ్యగలిగితే మొయ్యమను. లేకపోతే ఇంటికాడ ఉండమను."

"నేను మేస్త్రీనిరా. ఎవడెక్కడ కూర్చోవాలో చెప్పేది నేను."

"చెప్పు. వినేవాళ్ళెంతమందో చూసుకుని చెప్పు."

జోజప్పకి రోషం వచ్చింది. "ముఠానే ఎత్తేస్తా. మళ్ళీ మొదటి నుంచి కట్టుకుందాం. ఎవడొస్తాడో ఎవడు రాడో తేలిపోద్ది."

రెడ్డిగూడెం వాళ్ళలో ఒకడు తొడ చరుచుకుని నవ్వాడు. "ఎత్తెయ్ జోజప్పన్నా, మధ్యాహ్నానికల్లా కొత్తది కడతాం. అందులో నువ్వుండవు, అంతే."

జోజప్ప ఉత్తి తలల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఏసోబు వంక చూడకుండా, "రేపట్నుంచి వంతులు" అన్నాడు. అనిల్ కుమార్ తలగుడ్డ విదిలించి కట్టుకున్నాడు. వెనకే మిగతావాళ్ళూ కట్టుకున్నారు. ఏసోబు రేపటిదాకా ఆగలేదు. దబ్బనం సంచికి గుచ్చి వెళ్ళిపోయాడు.

"నేను దిగిపోతే వాడికి ఎవడు దిక్కురా?" అని ఆ సాయంత్రం నాతో అన్నాడు జోజప్ప. "నేనుంటేనే కదా మళ్ళీ ఏదో ఒకటి చెయ్యగలిగేది. సీజను దాటనీ."

సీజను దాటింది. ఆ మధ్యలో, బరువు లారీలు తమకి పడకూడదన్నారు పెనుగొలను వాళ్ళు. సరేనన్నాడు. ఒళ్ళంతా దురదలెత్తించే తవుడు లారీ మా తిరువూరు వాళ్ళకే వెయ్యమన్నారు. సరేనన్నాడు. మాలో మేమే అతన్ని తిట్టుకున్నాం. లారీ వచ్చి ఆగితే డ్రైవర్లు జోజప్పని అడగడం మానేసి, "అనిలూ, ఎవర్ని పంపుతున్నావ్?" అనేవాళ్ళు. జోజప్ప వినపడనట్టు నెట్టు కట్టుకునేవాడు.

ఒకరోజు సంతలో జోజప్పకి ఏసోబు పెళ్ళాం శ్రీవల్లి ఎదురైంది. "ఏం మేస్త్రీ గారూ, బాగున్నారా? మా ఆయన ఇంట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. మీ గోడౌనులో ఆ పని కూడా వంతులకేనా?" అంది. అతను చిక్కుడుకాయల బేరం మధ్యలో వదిలేసి వచ్చేశాడు.

మామిడికాయల రోజులొచ్చాయి. రెడ్డిగూడెం వాళ్ళు అనిల్ కుమార్‌తో ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మళ్ళీ ఒక పొద్దున పదకొండు ఉత్తి తలలు కనపడ్డాయి. ఈసారి ఎవరూ ఏదీ అడగలేదు. జోజప్పే అడిగాడు.

"ఇప్పుడేం కావాల్రా? చెప్పండి, చేద్దాం."

"నువ్వు చెయ్యగలిగినయ్యన్నీ చేసేశావు బాబాయ్" అన్నాడు అనిల్ కుమార్. ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది. కొత్త మేస్త్రీగా రెడ్డిగూడెం వాళ్ళు ఆ కుర్రాడినే చూపించారు. జగన్నాథరావు గారు బండి దిగుతూ, "ఎవరయ్యా ఇప్పుడు మేస్త్రీ?" అని అడిగి, తెలుసుకుని, తాళాలు అనిల్ కుమార్ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళారు.

కొత్త మేస్త్రీ కింద వంతులు వారం కూడా నడవలేదు. కుట్టే పనిలో అనిల్ కుమార్ బావ వచ్చి కూర్చున్నాడు. దున్నపోతులాంటి మనిషి, నడుం ఇనప కమ్మీలా ఉంటుంది. ఎవరూ గొణగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం జోజప్ప నన్ను తోడు పిలిచి ఏసోబు ఇంటికి బయల్దేరాడు. ఏసోబు పని వదిలేశాక, మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ అతను ఆ సందు వైపు రాలేదు. ఏసోబు వాకిట్లో మంచం మీద ఒక పక్కకి ఒరిగి కూర్చునున్నాడు. శ్రీవల్లి మమ్మల్ని చూసి లోపలికెళ్ళిపోయింది.

"దించేశారంటగా" అన్నాడు ఏసోబు.

"దించేశారు."

"ఇప్పుడు నీ మాట చెల్లదుగా. మరెందుకొచ్చావ్?"

"చెల్లదు కాబట్టే వచ్చానురా" అన్నాడు జోజప్ప. "చెల్లినన్నాళ్ళూ నీ మొహం చూడలేకపోయా."

ఏసోబు అతని వంక చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు.

"చెల్లినన్నాళ్ళూ అంటావేంట్రా? నన్ను కూర్చోబెట్టినప్పుడు నీ ఇష్టం కాబట్టి కూర్చున్నాననుకున్నా. వాళ్ళు ఊరుకున్నారు కాబట్టి కూర్చున్నానని తర్వాత తెలిసింది. ఆ రోజే తలగుడ్డ విసిరేసి నాతోపాటు వచ్చేస్తే, మా జోజప్ప మేస్త్రీ అని చెప్పుకునేవాణ్ణి."

"వచ్చేస్తే ఏం ఒరిగేదిరా? ఇద్దరం ఇంట్లో కూర్చునేవాళ్ళం."

"నువ్వుండి ఏం ఒరిగింది?"

మంచం మీద ఇంకొకరికి చోటుంది. ఏసోబు కూర్చోమనలేదు. ఎండలో కాసేపు నిలబడి ఇద్దరం వచ్చేశాం.