చిట్లిన పక్క

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. దిష్టి తీసి వీధిలో పారేసిన నిమ్మకాయను చూస్తే నాకు భయం వేయదు, పచ్చడికి పనికొచ్చేదాన్ని మట్టిపాలు చేశారే అని కడుపు మండుతుంది. తాయెత్తులకని, అంత్రాలకని నా చేత ఎవరూ ఒక్క కానీ కూడా ఖర్చు పెట్టించలేకపోయారు. నా చదువు మూడో తరగతితో ఆగింది. కథలు కట్టడం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం ఇంకా రాలేదు. అప్పట్లో తిరుపతిలో ఒక పాత బంగళాలో రెండు గదుల మ్యూజియం ఉండేది. మా ఆయన అక్కడ కావలి. నేను గదులు ఊడ్చి, అద్దాల బీరువాలను బయటి నుంచి తుడిచేదాన్ని. బంగళా వెనక ఉన్న ఒంటి గదిలోనే మా కాపురం. ఆ ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

విరిగిన విగ్రహాలూ పాత నాణేలూ అక్కడ చాలా ఉండేవి కానీ, జనం ఆగి చూసేది ఒక గాజు గిన్నెను. తూర్పున సముద్రం గట్టు మీద ఎక్కడో తవ్వితే దొరికిందట. రెండు వేల ఏళ్ల కిందట రోము దేశం నుంచి ఓడలో వచ్చిందని ఆఫీసరు గారు చెప్పేవారు. నీళ్లలో నీలిమందు ఒక్క చుక్క కలిపితే వచ్చే రంగు దానిది. అంచు మీద ఒకచోట గోరంత ముక్క లేచిపోయింది. గాజు మందం జనానికి తెలియాలని ఆఫీసరు గారు ఆ చిట్లిన పక్కనే ముందుకు పెట్టించారు.

మా నాయన గాజులు అమ్మేవాడు. గాజుల మలారం భుజాన వేసుకుని చంద్రగిరి చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచి తిరిగేవాడు. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి ఆయన కుడిచేతి ఉంగరం వేలు మొదలంటా పోయింది. మిగిలిన వేళ్లతోనే ఎంత బిర్రు గాజైనా నొప్పి తెలియకుండా ఎక్కించేవాడు. నా పెళ్లయ్యేదాకా నా చేతికి ఇంకెవరూ గాజులు తొడగలేదు.

ఆ ఎండాకాలం నాయనకు ఆయాసం పట్టుకుంది. తిరుపతి ఆసుపత్రిలో చూపించుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆరోజు ఆఫీసరు గారు బీరువా తెరిచి తన చేత్తోనే లోపలి దుమ్మంతా తుడిచారు. ఇంతలో ఎవరో వస్తే, నన్నూ మా ఆయననూ చూస్తుండమని చెప్పి ముందు గదిలోకి వెళ్లారు. నాయన మెల్లగా వచ్చి బీరువా ముందు నిలబడ్డాడు.

"ఇంత లావు గాజు ఏ ఏనుక్కి తొడిగేదానికి మే?"

"గాజు కాదు నాయనా, గిన్నె. రోము దేశందంట."

"ఆ దేశం ఆడోళ్లు గిన్నెలే తొడుక్కుంటారేమోలే." నవ్వబోయి దగ్గాడు. తర్వాత చాలాసేపు గిన్నెనే చూశాడు. "సేసినోడు మంచి పనోడు మే. యాడా ఒక్క వంక లేదు. ఒక్కసారి పట్టుకోనీ. పట్టుకోని పెట్టేస్తా."

చెయ్యి చాపాడు. దగ్గు ఇంకా ఆగలేదు. నాకు గిన్నె కనబడలేదు, మా ఒంటి గది కనబడింది.

"వద్దు నాయనా. చెయ్యి తియ్యి," అన్నాను. అల్లుడి ముందరే, కసిరినట్టు అన్నాను.

నాయన చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలులో దాచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"సరేలేమ్మా, నీ కాపురం సల్లగుంటే సాలు," అన్నాడు. మళ్లీ బీరువాలోకి చూసి, "అది సరే, సిట్లిన పక్క ముందరికి పెట్టినారేంది? గాజులోడు ఎవుడన్నా అట్ట పెడ్తాడా? అంత దూరం నుంచి వచ్చిన సరుకు, పాపం," అన్నాడు.

గాజుకు అతుకు ఉంటుంది. గంగజాతరలో అంగడి పరిచినప్పుడు నాయన ప్రతి గాజునూ తిప్పి, అతుకు వెనక్కి, మెరుపు ముందుకు వచ్చేలా పేర్చేవాడు. అమ్ముడుపోకపోయినా సరే, అతుకు మాత్రం ముందుకు పెట్టేవాడు కాదు.

ఆఫీసరు గారు తిరిగి వచ్చి బీరువాకు తాళం వేశారు. ఒక నెల మదరాసులో ఉండాలని, తాళం మీద లక్క కరిగించి ముద్ర వేశారు. తాళంచెవి తనతోనే తీసుకుపోయారు. మర్నాడు నాయన కూడా ఊరికి వెళ్లిపోయాడు.

మూడో వారం మొదట్లోనే కబురు వచ్చింది. నాయన పోయాడు. మా ఆయన దహనానికి వచ్చి డ్యూటీకి తిరిగిపోయాడు. నేను కర్మాంతరాలు అయ్యేదాకా చంద్రగిరిలోనే ఉండి వచ్చాను.

వచ్చిన మర్నాడు చీపురు పట్టుకుని గదిలోకి వెళ్లాను. పొద్దున పదిగంటల వేళ, కిటికీ ఎండ నేరుగా బీరువా మీద పడుతోంది. గిన్నె అంచు నిండుగా కనబడింది. చిట్లిన చోటు కనబడలేదు. పక్కకు వెళ్లి తొంగి చూశాను. చిట్లిన పక్క గోడవైపు ఉంది.

అద్దాల సందుల్లోంచి పోయిన దుమ్ము గిన్నె మీద పలచగా పేరుకుని ఉంది. ఆ దుమ్ములో వేళ్ల గుర్తులు. ఒక పక్క బొటనవేలు. రెండో పక్క చూపుడు వేలు, నడిమి వేలు, తర్వాత ఖాళీ, ఆ తర్వాత చిటికెన వేలు.

నేను మొదట అనుమానించింది మా ఆయననే. పిలిచి నిలదీశాను. ఆయన తిరుమల కొండవైపు తిరిగి దండం పెట్టాడు.

"సామి సాక్షిగా నేను ముట్టలేదు మే! నా వేళ్లు అయిదూ ఉండాయి, లెక్క పెట్టుకో!"

ఆఫీసరు గారు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ మాకు ముద్ద దిగలేదు. ఆయన రాగానే మేమే వెళ్లి చెప్పాం. ముందు కేకలేశారు. తర్వాత భూతద్దం పెట్టి లక్క ముద్ర చూశారు. ఎక్కడా బీటలేదు. బీరువా వెనక మరలు చూశారు. తుప్పు పట్టి బిగిసిపోయి ఉన్నాయి. తన చేత్తోనే ముద్ర పగలగొట్టి తాళం తీశారు. మా ఇద్దరి చేతులూ గిన్నె పక్కన పెట్టించి చూశారు.

"ఇట్లాంటి చెయ్యి ఎవరికైనా ఉందా?" అని అడిగారు.

చెప్పాను. మా నాయన చేసే పని చెప్పాను, పోయిన రోజు చెప్పాను. నాయన గిన్నె పట్టుకుంటానని అడిగింది, నేను వద్దన్నది కూడా దాచలేదు.

ఆఫీసరు గారు భూతద్దం పక్కన పెట్టారు. గుడ్డ తీసుకుని గిన్నెను తుడిచారు. ఆ నాలుగు వేళ్ల గుర్తులూ పోతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. చిట్లిన పక్కను మళ్లీ ముందుకు తిప్పబోయి, ఆగి, గిన్నెను ఉన్నట్టే పెట్టేశారు.

"ఇట్లాగే ఉండనీ. ఇట్లాగే బాగుంది," అన్నారు.

మా ఉద్యోగం పోలేదు, గదీ పోలేదు. బంగళాలో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొన్నామధ్య మనవరాలు మ్యూజియం చూపిస్తానని నన్ను తీసుకుపోయింది. బీరువా మారింది, గది మారింది. గిన్నె మాత్రం అట్లాగే ఉంది. మనవరాలు వంగి చూసి, "రెండు వేల ఏళ్లైనా ఎక్కడా చిట్లలేదే అవ్వా!" అంది. వెనక పక్క చూడమని నేను అనలేదు.

ఎప్పుడో ఈ సంగతి చెబితే, భూమి అదిరి గిన్నె తిరిగి ఉంటుందని ఒకరన్నారు. అదిరితే తిరగొచ్చు, వేళ్ల గుర్తులు ఎట్లా పడతాయి? ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మా నాయనను దయ్యమంటే ఊరుకోను కూడా. ఒకటి మాత్రం తెలుసు. బతికున్నన్నాళ్లూ ఆయన నా మాట కాదనలేదు. నేను వద్దన్న పని చేసింది ఆ ఒక్కసారే.