చింతపండుతో తోమిన కెరిస్

సింకులోంచి తీసి కిటికీ వెలుతురులో పెట్టేసరికి కత్తి కొత్త స్టీలు గరిటెలా తళతళలాడింది. "చూశావా సుజాతమ్మా, నలుపంతా పోయింది. రంగేసి పాతదని అంటగట్టారు" అన్నాను. అంత విజయగర్వం నాకు నా పెళ్లినాడు కూడా లేదు. అది సాయంత్రానికల్లా ఎలా కుప్పకూలిందో చెబుతాను. మీరు నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మస్కట్‌లో మేముండే వాడి కబీర్ పేటలో మా ఎదుటి ఫ్లాటు సుజాతది. నర్సాపురం అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు. ఆమెతో డ్యూటీ చేసే సితి అనే జావా అమ్మాయికి ఆ శుక్రవారం మస్కట్‌లోనే పెళ్లి. వాళ్లలో పెళ్లికొడుకు నడుము వెనక కెరిస్ దోపుకుంటాడు. కెరిస్ అంటే పాములా వంకీలు తిరిగిన బాకు. సితి తాతగారి కెరిస్‌ని ఊరినుంచి మేనమామ పంపించాడు. అసలుది తన దగ్గర దాచుకుని వేరేది పంపాడేమోనని ఆ పిల్లకి బెంగ. తాతది కాకపోతే పెళ్లి వాయిదా వేస్తానని కూర్చుంది.

"మా అన్నగారు పేపర్లో ఖంజర్ల మీద రాశారు, ఇట్టే చెప్పేస్తారు" అని సుజాత భరోసా ఇచ్చి, సితిని కత్తితో సహా మా ఇంటికి తీసుకొచ్చింది. రాసిన మాట నిజమే. నిజ్వా బజారులో ఒక పూట తిరిగి ఒమానీ బాకుల వెండిపని మీద అరపేజీ రాశాను. నా పాండిత్యం ఒర దగ్గర మొదలై ఒర దగ్గరే ఆగిపోతుందన్న సంగతి పాఠకులకి తెలీదు. నాకూ తెలీదు.

భూతద్దం పెట్టి ఒర మీది ఇత్తడి తొడుగు చూశాను. గోటితో కొట్టి చూశాను. వాసన కూడా చూశాను. ఎందుకు చూశానని అడక్కండి, నిపుణులు చూస్తారనిపించింది. "లతల నగిషీ చేతిపనే" అని తీర్పు చెప్పి కత్తి దూశాను. నల్లగా ఉంది, మీద తెల్లటి మచ్చలు. పిడి దగ్గర ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. ఖంజర్‌కి ఇలాంటి అవకరం ఉండదని తల అడ్డంగా ఊపాను.

సాయంత్రం వాళ్లమ్మ వీడియోలో చూస్తుందని చెప్పి, కత్తి మా ఇంట్లోనే ఉంచి సితి డ్యూటీకి వెళ్లింది. నేను ఊరుకుని ఉండొచ్చు. కానీ మా ఇంట్లో నల్లబడ్డ లోహమన్నది కనిపిస్తే చింతపండు నానేస్తాం.

"అన్నగారూ, అది దీపపు కుంది కాదు" అంది సుజాత.

"తోమితే తుప్పో రంగో తేలిపోతుందమ్మా" అని స్టీలు పీచు అందుకున్నాను.

సాయంత్రం సితి వచ్చి ఫోన్ని ఆవకాయ జాడీకి ఆనించింది. తళతళలాడే కత్తిని నేనే గర్వంగా దాని ముందు పెట్టాను. వాళ్లమ్మ కళ్లజోడు పెట్టుకుని, తెరంతా తన నుదురే కనిపించేంత దగ్గరికి వంగి, ఏదో అడిగింది. సితి మొహం పాలిపోయింది.

"చల్లిన బియ్యం ఏదీ అంటోంది సర్."

అప్పుడు తెలిసింది. ఆ మచ్చలు మచ్చలు కావు. కమ్మరి రెండు లోహాలు కలిపి మడిచి సాగగొడితే పుట్టే నగిషీ అది. దాని పేరే చల్లిన బియ్యం. అది కనబడాలనే కత్తికి నలుపు పట్టిస్తారు. కొన దగ్గర గింజలు పడ్డ తీరునిబట్టి తండ్రి కత్తిని ఆవిడ గుర్తుపడుతుంది. నేను తోమేసింది మురికి కాదు, సాక్ష్యం.

"మీ ఇంట్లో మూకుడెప్పుడైనా ఇంత బాగా తోమారా అన్నగారూ?" అంది సుజాత.

వాళ్లమ్మ కళ్లజోడు తీసి ఏదో చెప్పింది. సితి కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

"మళ్లీ నలుపు పట్టించేదాకా ఇది తాతది కాదని ఎవరూ రుజువు చెయ్యలేరట. ఈలోపు పెళ్లి కానిచ్చేయమంటోంది."

పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు అటు తిరిగి నడుము వెనక కెరిస్ కనిపించినప్పుడల్లా నేను తల దించుకున్నాను. ఆ పెళ్లి బిర్యానీ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇతర దేశాల ఆయుధాల మీదికి ఇక చింతపండు ఎత్తను.

నలుపు పట్టించే పనివాళ్లు జావాలోనే ఉన్నారట. సితికి ఇంకా సెలవు దొరకలేదు. కత్తి తాతదా, మేనమామ అంటగట్టిందా అన్నది ఇప్పటికీ తేలలేదు.