జీడి మరక పోని చేతులు

ఆ రోజుల్లో మా ఉద్దానం పిల్లల చేతులు చూస్తే ఎవరి పిల్లలమో తెలియకపోయినా ఏ పని చేస్తామో తెలిసిపోయేది. బడి నుంచి రాగానే జీడిపిక్కలు కొట్టడానికి కూర్చునేవాళ్లం. తొక్కలోని జీడి అంటిందా, వేళ్లు నల్లబడిపోతాయి. సబ్బుకి పోదు, చింతపండుకి పోదు, దేవుడికి దండం పెట్టినా పోదు. తోలు ఊడి కొత్తది రావాలంతే. అలాంటి చేతులతో నేను పదో తరగతిలో ఉండగానే డిగ్రీ చదివేశాను. (మొత్తం కాదులెండి, ఒక్క పేపరు.)

టెక్కలిలో ఒక కాలేజీవాళ్లు హైస్కూలు పిల్లలకి ఆదివారాలు కంప్యూటరు క్లాసులు పెట్టారు. ఆ పరీక్ష ఇప్పుడే పాసైతే, ఇంటరయ్యాక అక్కడ డిగ్రీలో చేరినప్పుడు ఆ పేపరు మళ్లీ రాయక్కర్లేదు. "పదే గట్టెక్కలేదు, నీకు డిగ్రీ ఏటే?" అన్నాడు మా అయ్య. "పదీ గట్టెక్కుతాను, అదీ గట్టెక్కుతాను" అని మందసలో బస్సెక్కేశాను. తీరా వెళితే, ల్యాబులో పాఠం చెప్పే సారు ఎక్కడో దూరపు జిల్లా నుంచి వచ్చినాయన (ఆ చల్లగది వదిలి బయటికి రాడని మేం ఏసీ సారు అనేవాళ్లం). నా వేళ్లు చూసి "ఏమిటా నలుపు? అంటురోగమా? కడుక్కురా" అన్నాడు. కడుక్కొచ్చాను. మళ్లీ పంపాడు. మళ్లీ కడుక్కొచ్చాను. "తెల్లబడేదాకా కీబోర్డు ముట్టుకోకు, పక్కన కూర్చుని చూడు" అన్నాడు. వారం వారం అదే పాట. ప్రాక్టికల్ పరీక్ష చూస్తే దగ్గరపడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. గట్టు మీద కూర్చుని చూస్తే ఈతొస్తుందా?

"పోనీ మానీయే. మన పని సంగతి ఆ సారుకేటి తెలుసు?" అంది అమ్మ. మానెయ్యడమా, నేనా! తెలియకపోతే తెలియజెబుదామని తరువాతి ఆదివారం ఒక పచ్చి పిక్క పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. "రోగం కాదు సార్. ఇదిగో, దీని మరక." "ఓహో, జీడిపప్పు ఇందులోనే ఉంటుందా?" అని ముచ్చటపడి, నేను "సార్, సార్" అంటుండగానే పళ్ల మధ్య పెట్టి కటుక్కున కొరికేశాడు. (పచ్చి పిక్క తొక్కలో ఉండే జీడి తగిలితే ఒళ్లు కాలుతుంది. మా ఊళ్లో పాకే పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.)

మరుసటి ఆదివారానికి ఆయన మూతి వాచి ఉంది, పెదాల చుట్టూ అచ్చం నా వేళ్ల రంగు. రుమాలు అడ్డం పెట్టుకుని పాఠం చెబుతున్నాడు. నేను తిన్నగా వెళ్లి కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆయన కళ్లెర్రజేశాడు. "ముందు మీరు మూతి కడుక్కురండి సార్. అది తెల్లబడేదాకా నేను కొడుతుంటాను" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయనకీ నవ్వాగలేదు పాపం, నవ్వితే పెదవి చిట్లి "అబ్బా" అన్నాడు. తరవాత "కొట్టు తల్లీ, కొట్టు" అన్నాడు.

పాసయ్యాను. డిగ్రీలో తోటివాళ్లు ఆ పేపరుతో కుస్తీ పడుతుంటే నేను గేటు దగ్గర వేరుశనగలు తింటూ దర్జాగా తిరిగాను. ఇప్పుడు నా వేళ్లకి మచ్చయినా లేదు, రోజంతా కీబోర్డు మీదే బతుకు. నిన్న ఆఫీసులో మా పెద్దసారు, తప్పు నాది కాకపోయినా, నలుగురిలో కసిరితే "సరే సార్" అని తలూపి వచ్చేశాను. సీట్లో కూర్చుని ఈ తెల్లటి చేతులు చూసుకుంటే నవ్వొచ్చింది. అప్పటి ఆ నల్లవేళ్ల పిల్లే పక్కనుంటే అడిగేసేది: "ఏటే, మూతి కడుక్కురమ్మని సెప్పలేకపోయావా?"