జాడించని చొక్కా

ఇప్పుడు మా బాపట్ల ఇంట్లో వాషింగ్ మెషీన్ మూత వేస్తే చాలు, సబ్బు ఎటు పోయిందో, నీళ్ళు ఎటు పోయాయో అడిగే దిక్కు లేదు. నేను బి.ఎడ్. ముగించి తెనాలిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న కాలంలో మాత్రం అత్తయ్య అనుమతి లేకుండా ఒక్క సబ్బు చుక్క మా కాలవలోకి జారేది కాదు. అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసి, వచ్చిన మర్నాటి నుంచీ ఇంటిల్లిపాది బట్టలూ తనే ఉతికిన మనిషి. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. ఒకే బకెట్టు సబ్బునీళ్ళలో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగువి, ఆ తర్వాత గుమ్మం దగ్గరి పట్టాలు, మిగిలినదాంతో బాత్‌రూమ్ గచ్చు, అట్టడుగున ఉన్నదాంతో నాన్న స్కూటరు (మా అందరి మురికీ ఎరిగిన స్కూటరది పాపం). అరిగిపోయిన సబ్బుముక్కల్ని నా పాత మేజోడులో కూరి, మూతి కట్టి, దాంతో కాలర్లు రుద్దేది. సబ్బుపొడి పాకెట్టుని కత్తిరించి లోపలివైపు కూడా కడిగేది. అమ్మ కుక్కరు కొందామంటే "నీ కుక్కరు గంజి ఇచ్చిద్దా?" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది.

ఆ ఏడాదే ఆవిడ ఎడమచేత్తో స్పూను పట్టుకుని అన్నం తినడం మొదలుపెట్టింది. "ఏంటి దొరసానిగారూ, కొత్త ఫ్యాషనా?" అని నేను ఏడిపిస్తే, "ఏం, నాకు మాత్రం నాజూకు ఉండకూడదా?" అని మూతి తిప్పింది. మేమంతా నవ్వాం. అంతకుమించి ఎవరమూ ఆలోచించలేదు.

అలాంటి రోజుల్లో రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూలు నుంచి డెమో క్లాసుకు పిలుపొచ్చింది. అప్పటికి రెండు చోట్ల పాఠం చెప్పి, రెండు చోట్లా "కబురు పెడతాం" అనిపించుకుని వచ్చాను. ఇదీ పోతే ఎరువుల కొట్లో కూర్చోవాలని నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు. అత్తయ్యకి ఆ సంగతి తెలుసు. ఉన్న ఒక్క మంచి తెల్లచొక్కానీ రెండు రోజుల ముందే ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి నా చేతిలో పెట్టింది. అప్పడంలా పెళపెళలాడుతోంది. "ఈ చొక్కా చూసే ఉద్యోగం ఇచ్చేస్తారు, నువ్వు పాఠం చెప్పకపోయినా పర్లేదు" అంది.

రేపల్లెలో రైలు దిగేసరికి వాన. గొడుగు లేదు (పెళ్ళికొడుకులా వెళ్తూ గొడుగేంటని వద్దన్నాను). స్కూలు చేరేలోగా తడిసి ముద్దయ్యాను. తొమ్మిదో తరగతి, లెక్కల పాఠం. వెనక బెంచీలో కరస్పాండెంటుగారు. త్రిభుజం గీయడానికి చెయ్యి పైకెత్తాను, ముందు బెంచీ పిల్ల కిసుక్కుమంది. రెండో భుజం గీశాను, క్లాసంతా నవ్వింది. ఏంటా అని చూసుకుంటే నా చంకలోంచి తెల్లగా, బుసబుసా నురుగు! చెయ్యి ఆడించినకొద్దీ పొంగుతోంది. తుడుచుకోబోతే భుజం మీదా మొదలైంది. కరస్పాండెంటుగారు పెద్దమనిషి, నవ్వు ఆపుకుంటూనే "ఏంటండీ మాస్టారూ, స్నానం మధ్యలో లేచొచ్చేశారా?" అన్నారు. ఆ తర్వాత షరా మామూలే, కబురు పెడతామన్నారు.

ఇంటికొచ్చి అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "జాడించడానికి బకెట్టు నీళ్ళు పోయడానికి కూడా మనసొప్పలేదా? నీ పిసినారితనం నా ఉద్యోగం మింగేసింది!" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఒక బకెట్టు నీళ్ళు మిగిలినయ్ గదరా" అని నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచీ నా బట్టలు నేనే ఉతుక్కుంటానని పంతం పట్టాను. నేను ఉతుకుతుంటే ఆవిడ మెట్టు మీద కూర్చుని చూసేది. "కాలరు సరిగా రుద్దు" అనేది, మేజోడు అందించబోయేది. నేను తీసుకునేవాణ్ణి కాదు. ఆ నురుగు కథ మాత్రం చుట్టాలందరికీ అభినయించి మరీ చెప్పాను. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వేది.

మూడు నెలలకి గుంటూరు ఆసుపత్రిలో తేలింది. కుడి చంకలో గడ్డ. ఏడాది నుంచీ దాచుకుందట. మంచం పక్కన నేనొక్కణ్ణే ఉన్నప్పుడు తనే ఆ మాట ఎత్తింది.

"ఆ రేపల్లె చొక్కా పిసినారితనం కాదురా అబ్బాయ్. రుద్దడమైతే రుద్దాను గానీ, రెండో బకెట్టు పంపు దగ్గర్నుంచి మోసుకు రాలేకపోయా. చెయ్యి లేవలా."

"మరి నేనంతలేసి మాటలంటుంటే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"పిసినారంటే నవ్వుకుంటారు. చేతగాదంటే బట్టలు ఇంకోళ్ళకిస్తారు. ఇంక ఆ ఇంట్లో నేనుండేది దేనికంట?"

ఆవిడ చేతిలోంచి చొక్కాలు లాక్కున్నది నేనే. కాళ్ళు పట్టుకుని ఏడిస్తే, "ఊరుకో, నర్సమ్మ చూసిద్ది" అని కసిరింది. నాకు బాపట్లలో ఉద్యోగం వచ్చేనాటికి అత్తయ్య లేదు. ఆ సబ్బుముక్కల మేజోడు నా దగ్గరే ఉంది. వాడితే అరిగిపోతుందని వాడను. (పిసినారితనం నాకూ వచ్చింది.)

మొన్న వానలో తడిసి క్లాసుకు వెళ్ళాను. బోర్డు మీద త్రిభుజం గీస్తూ, చెయ్యి ఎత్తి చంక వంక చూసుకున్నాను. మెషీన్ శుభ్రంగా జాడించింది, ఏమీ లేదు.

"ఏంటి సార్ వెతుకుతున్నారు?" అంది ముందు బెంచీ పిల్ల.

"నురుగమ్మా" అన్నాను. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, బోర్డు వైపు తిరిగి.