టైలర్ తాత కునుకు

పంజాగుట్టలో మా బడికి మనవరాలి కోసం వచ్చే ఆ పెద్దాయనను టైలర్ తాత అనేవాళ్లం. భుజం మీది తువ్వాలు అంచును రెండు వేళ్లతో తడుముతూ, కళ్లు సగం మూసుకుని మాట్లాడేవాడు.

బడి గోడ పక్కనే ఇల్లు లేనివాళ్లకు వసతి కేంద్రం పెడుతున్నారని తెలిసి తల్లిదండ్రులు భయపడ్డారు. వాళ్ల తరఫున మాట్లాడింది తాతే.

"ఎసుంటోళ్లు వస్తరో ఏమో! పిల్లల ఫికర్ ఉండదా, టీచరమ్మా?" అన్నాడు నాతో. ఆ భయం నాకూ ఉంది.

కేంద్రం తెరిచాక ఒక మధ్యాహ్నం, లోపలెలా ఉందో చూసొస్తానని తాత వెళ్లాడు. బడి వదిలినా రాలేదు. ఏడుపు మొహం పెట్టిన మనవరాలిని తీసుకుని నేనే వెళ్లాను.

కిటికీలోంచి పడుతున్న పసుపు ఎండలో, చాప మీద తాత హాయిగా నిద్రపోతున్నాడు. కరెంటు లేదు. గడ్డం పెరిగిన మనిషొకడు అట్టముక్కతో ఆయనకు విసురుతున్నాడు.

"ముచ్చట పెట్టుకుంటనే పండుకుండు. జర లేపకుండ్రి," అన్నాడు గుసగుసగా.

పాప తాత పక్కన కూర్చుంది. మెట్రో రైలు చప్పుడు నీళ్లడుగు నుంచి వచ్చినట్టు వినిపించింది.

తర్వాతి తల్లిదండ్రుల మీటింగులో తాత లేచాడు. "మా ముసల్ది పోయినంక నాకు నిద్ర లేదు. ఆడ పట్టింది. కేంద్రం గేటు మాత్రం బడి దిక్కు కాకుండ ఎర్రమంజిల్ దిక్కు సందులకు మార్చుండ్రి. ఫికర్ ఇంకా పోలే."

గేటు మార్చారు. అప్పటినుంచి రోజూ తాత బడి వదలడానికి చాలా ముందే వచ్చి, తాను మార్పించిన ఆ గేటు దాకా మండుటెండలో సందంతా చుట్టి, లోపల కునుకు తీయడానికి వెళ్లేవాడు.